199 డాలర్ల ఫోను అసలు ఖర్చు

అమెరికాలో చదివే మన పిల్లలు "ఫోను చవకగా వచ్చింది" అంటే మనం సంతోషపడతాం. ఆ చవక ఎలా మొదలైందో లెక్క వేసి చూద్దాం.

2007 జూన్‌లో ఐఫోన్ వచ్చినప్పుడు అక్కడ ఏటీ అండ్ టీ ఒక్కదానికే అమ్మే హక్కు. తక్కువ ధర మోడల్ 499 డాలర్లు, నెలకు సుమారు 60, రెండేళ్ల ఒప్పందం. మధ్యలో మానుకుంటే 175 జరిమానా. మొత్తం 1,939.

2008లో ఐఫోన్ 3జీ 199 డాలర్లే అన్నారు. నెల బిల్లేమో 70 అయింది. ముందు ప్లానులోనే ఉన్న 200 మెసేజీలకు ఇప్పుడు నెలకు 5 వేరే. మొత్తం 1,999. ఫోను ధర 300 తగ్గింది, ఖర్చు 60 పెరిగింది!

అదే ఫోను ఆ ఆగస్టులో మన దేశంలో 31,000 రూపాయలు. అంత ధరా అని నోరు తెరిచాం. ఇక్కడ ధర కంటికి కనిపించింది, అక్కడ నెల బిల్లులో దాగింది.

2011 ఫిబ్రవరిలో వెరైజన్ కూడా ఐఫోన్ అమ్మాకే అక్కడివాళ్లకు ఇంకో దారి దొరికింది. మనకూ ఆ జనవరి 20 నుంచే దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మారే వసతి వచ్చింది.

కాబట్టి పిల్లలకు ఒక మాట చెబుదాం: ఒప్పందం ఎన్ని నెలలో అడిగి, నెల బిల్లును దానితో గుణించి, ఆ తర్వాతే సంతకం పెట్టమని.