మెలట్టూరు: తమిళ ఊళ్ళో తెలుగు నాటకం

కళాకారుల ఊరు ఏదంటే మనలో చాలామంది వెంటనే కూచిపూడి అంటారు. నిజమే. కానీ తమిళనాట పుట్టి తెలుగు బడిలో చదువుకుంటున్న మనం దానికోసం కృష్ణా తీరం దాకా పోనక్కరలేదు. తంజావూరికి సుమారు 18 కిలోమీటర్ల దూరంలో మెలట్టూరు అనే చిన్న ఊరుంది. ప్రతి ఏడూ వేసవిలో, నృసింహ జయంతి రోజుల్లో, అక్కడ తెల్లవార్లూ తెలుగు నాటకాలు ఆడతారు. వీటిని భాగవత మేళా అంటారు. ఆడేవాళ్ళు ఇంట్లో మాట్లాడేది మాత్రం తమిళం! ఇది ఎట్ల జరిగిందో చెప్పాలంటే నాయకరాజుల కాలానికి పోవాల.

1532లో చెవ్వప్ప నాయకుడు తంజావూరు పాలకుడైనాడు. అప్పుడు పైన విజయనగర రాజులు ఉండేవారు. 1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం దెబ్బతిన్న తరువాత పండితులూ, పాటగాళ్ళూ, భాగవతులూ బతుకుతెరువు కోసం దక్షిణానికి వచ్చినారు. చెవ్వప్ప కొడుకు అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబాలకు ఈ ఊరు దానంగా ఇచ్చినాడని, ఒక్కొక్క కుటుంబానికీ ఒక ఇల్లు, ఒక బావి, కొంత భూమి ఇచ్చినాడని చెప్పుకుంటారు. రాజు పేరుమీదనే దానికి అచ్యుతాబ్ధి అనే పేరు కూడా వచ్చింది. ఇందులో నాకు బాగా నచ్చింది బావి మాట. శాలువా కప్పి పంపితే కళాకారుడు మరుసటి ఊరికి పోతాడు. బావి ఇస్తే అక్కడే ఉండిపోతాడు, వాడి మనవలు కూడా ఆ నీళ్ళే తాగుతారు.

అచ్యుతప్ప కొడుకు రఘునాథ నాయకుడు తానే కవి. చేమకూర వెంకటకవి విజయవిలాసాన్ని ఆయనకే అంకితమిచ్చినాడు. తరువాత విజయరాఘవ నాయకుని కొలువులో రంగాజమ్మ తెలుగులో కావ్యాలు, యక్షగానాలు రాసింది. 1673తో నాయకుల పాలన పోయి, కొద్ది ఏళ్ళలోనే మరాఠా రాజులు వచ్చినారు. ఇక తెలుగు పని అయిపోయిందనుకుంటాం కదా? కాలేదు. మరాఠా రాజు శాహాజీ తానే తెలుగులో యక్షగానాలు రాసినాడు. రాజు ఇంటి మాట మరాఠీ, ఊరి మాట తమిళం, పాట తెలుగు. మూడు భాషలు తెలిసినవాళ్ళను ఇప్పుడు మనం గొప్పగా చూస్తాం గానీ, తంజావూరులో అది మామూలు సంగతి.

మెలట్టూరు నాటకాలను ఇప్పుడు ఆడే రూపంలో రాసింది ఆ ఊరివాడైన వెంకటరామశాస్త్రి. త్యాగరాజస్వామి కాలంవాడు. ప్రహ్లాద చరిత్రం, ఉషా పరిణయం, మార్కండేయ, హరిశ్చంద్ర, రుక్మాంగద వంటివి ఆయన రచనలు. దరువులు, పద్యాలు, వచనం కలిసి ఉంటాయి. పాట కర్ణాటక సంగీతం, ఆట భరతనాట్యానికి దగ్గరగా ఉంటుంది.

వరదరాజ పెరుమాళ్ గుడి ముందర వీధిలోనే రంగస్థలం. మొదట కోణంగి వచ్చి గంతులేసి నవ్విస్తాడు. తరువాత ఒక చిన్న పిల్లవాడు వినాయకుడి ముఖం పెట్టుకొని వస్తాడు. ఆ పైన ఒక్కొక్క పాత్రా తన ప్రవేశ దరువుతో వస్తుంది. ఆడ పాత్రలు కూడా మగవాళ్ళే వేస్తారు. ప్రహ్లాద చరిత్రంలో హిరణ్యకశిపుడి కంటే తల్లి లీలావతి పాత్రే కష్టమైనదని నాకు అనిపిస్తుంది. ఒకపక్క మొగుడు, ఒకపక్క కొడుకు. నడుమ ఆమె ఏడుపు చూపించాలి, అదీ ఒక మగవాడు చూపించాలి. నరసింహస్వామి ముఖం మామూలు రోజుల్లో గుడిలో పూజలందుకుంటుంది. దాన్ని పెట్టుకొనేవాడు ఉపవాసముంటాడు. స్వామి ఆవేశంలో ఉన్నప్పుడు పక్కనున్నవాళ్ళు పట్టుకొని ఆపాల్సి వస్తుంది. చూసేవాళ్ళు అప్పుడు చప్పట్లు కొట్టరు, దండం పెడతారు.

ఇప్పుడు భాష సంగతి. నటుల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. పాఠాన్ని తమిళ లిపిలో రాసుకొని నేర్చుకుంటారు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరమని మనకందరికీ తెలుసు. గజము అని పలకాలో కజము అని పలకాలో కాగితం చెప్పదు. తండ్రో, మేనమామో, గురువో నోటితో చెప్పాల. అంటే ఇన్ని తరాలుగా ఆ తెలుగు పుస్తకంలో కంటే చెవిలోనే ఎక్కువ బతికింది. మా తరగతిలో పదకొండుమందిమే ఉన్నాం. మాకు లిపి బాగానే వచ్చు. కానీ బడి గంట కొట్టగానే ఒకరితో ఒకరం తమిళంలోనే మాట్లాడుకుంటాం. వాళ్ళ దగ్గర లేనిది మా దగ్గరుంది, మా దగ్గర లేనిది వాళ్ళ దగ్గరుంది. ఈ మాట చెబితే మా తెలుగు అయ్యవారు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈ ఆట ఒక్క మెలట్టూరుదే కాదు. సాలియమంగళం, తేపెరుమానల్లూరు, ఊత్తుకాడు, శూలమంగళం, నల్లూరు కూడా భాగవత మేళా ఊళ్ళే. రాజుల మాన్యాలు పోయినాక కొన్నిచోట్ల ఆట ఆగిపోయింది. మెలట్టూరులోనూ గత శతాబ్దంలో తగ్గిపోయే దశ వచ్చింది. భరతనాట్యం కోసం పాటుపడిన న్యాయవాది ఇ. కృష్ణయ్యర్ ఈ నాటకాలను కూడా పట్టించుకొని బయటి లోకానికి తెలిపినాడు. ఇప్పుడు ఊళ్ళో ఒకటి కాదు, రెండు బృందాలున్నాయి. నటుల్లో చాలామంది చెన్నై వంటి పట్నాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ, ఆ వారానికి సెలవు పెట్టి ఊరికి వస్తారు. నాటకం ముగిసేసరికి తెల్లవారుతుంది. నరసింహస్వామి వేషంతోనే వీధిలో ఊరేగింపు నడుస్తుంది. ఆ వీధి తిన్నెల మీద కూర్చొని చూసే ముసలివాళ్ళకు దరువులన్నీ నోటికి వచ్చు.