పాత బుల్లెట్: ఇంజిన్ లోపాల గుర్తింపు

రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ మద్రాసు శివార్లలోని తిరువొత్తియూరులో తయారుచేసిన 346 సీసీ పోత ఇనుప ఇంజిన్ బుల్లెట్‌లో నిప్పురవ్వ పుట్టించేది పాయింట్లు, కండెన్సర్. బండి స్టార్ట్ కాకపోతే ముందుగా ప్లగ్ విప్పి చూడాలి. పెట్రోలుతో తడిసి ఉంటే చాలావరకు కరెంటు లోపం. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. ఎండిన మసి పట్టి ఉంటే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ.

కరెంటు లోపమైతే పాయింట్ల మధ్య ఎడం సుమారు 0.35–0.40 మి.మీ. ఉందో లేదో కొలవాలి. చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచి, వేడెక్కాక మిస్సింగ్ ఇస్తే కండెన్సర్‌ను అనుమానించాలి. చాలామంది అనవసరంగా కార్బురేటర్ విప్పేది ఇక్కడే.

కొన్నిసార్లు లోపం కిక్కు కొట్టడంలోనే ఉంటుంది. తాళం తిప్పి, డీకంప్రెసర్ పట్టి కిక్కును మెల్లగా నొక్కుతూ, అమ్మీటరు ముల్లు నడిమికి రాగానే కొద్దిగా దాటించి వదలాలి. ఆ తర్వాతే గట్టి కిక్కు. లేకుంటే అది కాలిని వెనక్కి తన్నుతుంది.

నెలల తరబడి కదలని బండిలో ఆయిల్ క్రాంక్ గదిలోకి దిగుతుంది. స్టార్ట్ చేయగానే వచ్చే దట్టమైన పొగ కాసేపటికి తగ్గితే రింగులు మార్చాల్సిన పనిలేదు.