ఒకే బెడ్డు, రెండు ఎత్తులు

మిషిగన్ రాష్ట్రంలో కలమజూ అనే ఊరుంది. గిబ్సన్ గిటార్లు, చెకర్ టాక్సీలు, అప్‌జాన్ మందుబిళ్లలు ఇక్కడే తయారయ్యేవని మా అమ్మాయి చెప్పింది. తను మందుల కంపెనీలో పనిచేస్తుంది కాబట్టి మూడోదాని గురించి ఎక్కువ చెప్పింది. నాలుగో సంగతి మాత్రం నేనే తెలుసుకున్నాను. అమెరికాలో గరాజులో కారు పక్కన లేత్ పెట్టుకుని, ఆదివారం పూట సరదాకి ఇనుము కోసే జనం ఉన్నారు. వాళ్లలో పాతకాలపు వాళ్లకి చాలామందికి మొదటి మిషను ఈ ఊరి నుంచే వెళ్లింది. బాలానగర్ షెడ్లలో బతుకంతా లేత్ ముందు నిలబడ్డవాణ్ణి. లేత్ అంటే నాకు పొట్టకూడు. సరదాకి లేత్ కొనుక్కోవడమన్నది ఇక్కడికొచ్చాకే చూశాను.

ఆ మిషన్లు చేసింది అట్లాస్ ప్రెస్ కంపెనీ. 1930ల్లో అమెరికాలో చేతిలో డబ్బు ఆడని రోజులవి. అప్పుడు వీళ్లు చవగ్గా చిన్న లేత్‌లు చేయడం మొదలుపెట్టారు. పళ్ల చక్రాలు కూడా ఇనుముతో కాకుండా జమాక్ అనే జింకు మిశ్రమంతో పోతపోసేవాళ్లు. మావాళ్లు చూస్తే నవ్వుతారు గానీ, వాటిలో కొన్ని ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. అట్లాస్ వాళ్లు తమ పేరుతో అమ్మేవాళ్లు, సియర్స్ రోబక్‌కీ చేసిపెట్టేవాళ్లు. సియర్స్ అంటే కేటలాగు అచ్చేసి, పోస్టులో ఆర్డరు తీసుకుని, ఊరూరికీ సరుకు పంపిన షికాగో వ్యాపారులు. 1927 నుంచి వాళ్ల పనిముట్ల మీద క్రాఫ్ట్స్‌మన్ అనే పేరు ఉండేది. సరుకు చేసింది ఎవరో పైకి కనిపించదు. మోడల్ నంబరులో చుక్కకి ముందున్న మూడంకెలు చూడాలి. 101 అని ఉంటే అది అట్లాస్.

ఇంతకీ చిక్కు ఎక్కడొచ్చిందంటే, అట్లాస్ పేరుతో అమ్మింది పదంగుళాల లేత్, క్రాఫ్ట్స్‌మన్ పేరుతో అమ్మింది పన్నెండంగుళాలది. అన్నిటినీ మోసే కింది బెడ్డు చూస్తే ఒకటే. అదే వెడల్పు, అదే చదును పట్టాలు. జాబ్‌ని, అంటే కోసే ముక్కని, తిప్పే హెడ్‌స్టాక్, దాని రెండో చివరకి ఆసరా ఇచ్చే టైల్‌స్టాక్ పోతల్ని మాత్రం అంగుళం ఎత్తు పెంచి పోశారు. టూలు ఆ ఎత్తుకి అందాలి కాబట్టి కాంపౌండ్ రెస్టు కూడా ఎత్తయింది. ఒకే మిషనుకి రెండు ఎత్తులిచ్చి రెండు దుకాణాల్లో పెట్టడం. వ్యాపారానికి అది తెలివే. కానీ తర్వాతి తరాలకి దీనివల్ల పడ్డ చాకిరీ ఇంతా అంతా కాదు.

అమెరికన్ పదంగుళాలంటే బెడ్డు మీద పట్టే జాబ్ వ్యాసం. సెంటర్ ఎత్తు అందులో సగం, అయిదంగుళాలే. ఇంగ్లండు వాళ్లు ఆ సగాన్నే పేరుగా చెబుతారు. నాటింగ్‌హామ్ పక్కన బీస్టన్‌లో 1946లో వచ్చిన మైఫర్డ్ ఎంఎల్7 అక్కడ మూడున్నర అంగుళాల లేత్. దాన్నే అమెరికావాడు ఏడంగుళాలంటాడు. మా బటాలా, రాజ్‌కోట్ మిషన్లకి ఈ రెండు లెక్కలూ లేవు. నాలుగున్నర అడుగులు, ఆరడుగులు అని బెడ్డు పొడవుతో పిలుస్తాం. పాత సామాన్ల బజారులో 'పన్నెండంగుళాల టైల్‌స్టాక్' అని ఎవరైనా అంటే ఎవరి లెక్కలో అని అడిగి మరీ కొనాలి.

అసలు టైల్‌స్టాక్ విడిగా ఎందుకు దొరుకుతుంది? హెడ్‌స్టాక్‌ని బెడ్డుకి బిగించేస్తారు, అది ఎక్కడికీ పోదు. టైల్‌స్టాక్ అలా కాదు. ఒక్క నట్టు వదులు చేస్తే బెడ్డు చివరి నుంచి జారి చేతికొస్తుంది. బెడ్డు అరిగిపోయిన మిషన్ని తునకలు చేసి అమ్మేవాడు మొదట ఊడదీసేది అదే. గోదాములు మారేటప్పుడు తప్పిపోయేదీ అదే. అలా టైల్‌స్టాక్ లేని లేత్ ఒక ఇంట్లో, లేత్ లేని టైల్‌స్టాక్ ఇంకో ఇంట్లో మిగిలిపోతాయి.

ఒకదాన్ని ఇంకోదానికి తగిలించొచ్చనే ఆశ పుట్టించింది స్టీఫెన్ మోర్స్. మెలి డ్రిల్లుకి 1863లో పేటెంటు తీసుకున్న మనిషి. న్యూ బెడ్‌ఫర్డ్‌లోని ఆయన కంపెనీ నుంచి వచ్చిన టేపరే ఇవాళ లోకంలో చాలా టైల్‌స్టాకుల కడుపులో ఉంది. అడుగు పొడవుకి అయిదు నూళ్ల, అంటే అంగుళంలో ఎనిమిదో వంతులు అయిదు, వాలు దరిదాపు. దరిదాపు అని ఎందుకంటున్నానంటే ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు, దేని వాలు దానిదే, ఏ రెండూ కచ్చితంగా కలవవు. మొదట్లో గేజీలు ఎలా వచ్చాయో అలాగే ఉండిపోయాయి, లోకమంతా దానికే అలవాటుపడింది. ఏమైనా కలమజూ రెండో నంబరు, బీస్టన్ రెండో నంబరు, బటాలా రెండో నంబరు ఒకటే. సెంటర్‌ని, అంటే జాబ్‌ని పట్టే మొనని, ఇందులోంచి తీసి అందులో పెట్టొచ్చు. టైల్‌స్టాక్ పైభాగానికి లోకమంతటా ఒకే కొలత కుదిరింది. కాళ్ల కొలత మాత్రం ఎవరూ కుదుర్చుకోలేదు. బెడ్డు ఆకారం, ఎత్తు, కింద బిగించే పట్టీ ప్రతి కంపెనీకీ సొంతం.

ఆ పైభాగం కూడా ఒక్కోసారి కలవదు. సియర్స్‌లోనే 109 నంబరుతో ఆరంగుళాల బుల్లి లేత్ వచ్చేది. చేసింది అట్లాస్ కాదు, మిషిగన్‌లోనే మాంచెస్టర్ అనే ఊళ్లో డబుల్ ఎ అనే కంపెనీ. దానికి సున్నా నంబరు మోర్స్ రంధ్రం. 101 నంబరుతో అట్లాస్ చేసిన ఆరంగుళాల లేత్ టైల్‌స్టాక్‌కి ఒకటో నంబరు. ఒకే కొట్లో, ఒకే కొలత చెప్పి అమ్మిన రెండు మిషన్ల మధ్య సెంటరు కూడా మార్చుకోలేం! ఇలాంటివి చూసినప్పుడు మా పెద్ద మేస్త్రీలు తిట్టే తిట్లు గుర్తొస్తాయి, ఇక్కడ రాయలేను.

మా వీధిలో ఒక పెద్దాయన చిన్న చిన్న ఆవిరి ఇంజన్లు చేస్తాడు. ఆయనది పన్నెండంగుళాల క్రాఫ్ట్స్‌మన్, దొరికింది పదంగుళాల అట్లాస్ టైల్‌స్టాక్. "నాన్నా, ఆయన నిన్ను ఒకసారి చూసి చెప్పమంటున్నాడు" అని అమ్మాయి పిలుచుకుపోయింది. చూశాక పెద్దగా మాటలతో పని పడలేదు. డయల్ గేజీ సూది అందరికీ అర్థమవుతుంది కదా.

ఆ టైల్‌స్టాక్ రెండు ముక్కలు. బెడ్డు మీద కూర్చునే పీట ఒకటి, దాని మీద ఒళ్లు. వాలుగా కోయాలంటే ఒళ్లుని పక్కకి జరపడానికి అలా చేస్తారు. బెడ్డు ఒకటే కాబట్టి పీట అతికినట్టు కూర్చుంది, దాన్ని ముట్టుకోకూడదన్నాను. అంగుళం మందం పోత ఇనుప దిమ్మె చేసి పీటకీ ఒళ్లుకీ మధ్య పెట్టాలి. పీట మీదున్న అడ్డగాడిలోకి దిమ్మె అడుగు దిగాలి, అలాంటి గాడే దిమ్మె పైనా రావాలి. పక్కకి జరిపే స్క్రూలకి కొత్త ఎత్తులో పట్టు దొరకాలి. బిగింపు బోల్టు అంగుళం ఎక్కువ పొడవుది చేసుకోవాలి. పాత పోతకి కొత్త రంధ్రం ఒక్కటీ వేయకూడదు. అప్పుడైతే రేపెవరికైనా పదంగుళాల లేత్ దొరికితే ఆ టైల్‌స్టాక్ తన ఇంటికి తాను వెళ్లిపోతుంది.

అంగుళం అన్నాను గానీ ఆ అంగుళాన్ని నమ్మి కోస్తే పని చెడుతుంది. రెండు మిషన్లూ దశాబ్దాలు అరిగాయి, ఒకే తీరున అరగలేదు. ఇక్కడ ఎత్తు తప్పుకీ పక్క తప్పుకీ ఉన్న తేడా తెలియాలి. రెండంగుళాల కడ్డీని సెంటర్ల మధ్య పట్టి కోస్తున్నామనుకోండి. టైల్‌స్టాక్ పది థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పది, పక్కకుంటే ఆ చివర వ్యాసం ఇరవై థౌ తేడా వస్తుంది. అదే పది థౌ పైకో కిందకో ఉంటే, తేడా థౌలో పదో వంతు. మైక్రోమీటరుకి కూడా సరిగా దొరకదు. అందుకే కడ్డీ ఒకటి కోసి చూసి 'ఎత్తు కుదిరింది' అనుకునేవాళ్లు మోసపోతారు. టైల్‌స్టాక్‌లో డ్రిల్లు పెట్టినప్పుడు నిజం బయటపడుతుంది. దానికి పక్కా ఎత్తూ ఒకటే, ఏది తప్పినా డ్రిల్లు వంగి రంధ్రం మూతి వెడల్పవుతుంది. పెద్దాయన చేసేది ఇంజన్ సిలిండర్లు, డ్రిల్లు పనే ఎక్కువ.

అందుకని దిమ్మెని కావాలనే కాస్త మందంగా ఉంచి, రెండు సెంటర్ల మధ్య టెస్టు బార్ పట్టి, గేజీని దాని నెత్తి మీద నడిపించి చూశాం. ఆ తర్వాత టైల్‌స్టాక్ బ్యారెల్‌ని బయటికి తీసి దాని మీదా నడిపించాం, ముక్కు వంచిందా ఎత్తిందా అని. ముక్కు వంగింది. దిమ్మె కింద నీలం రంగు పూసి, అంటిన చోటల్లా గీకుతూ పోయాం. గీకుడు పనిలో పెద్దాయన చెయ్యి నా కన్నా నిదానం. ఇంజన్లు చేసేవాడు కదా, తొందర లేదు. నేను పీసు లెక్కన బతికినవాణ్ణి.

సున్నా వచ్చేదాకా గీకుతానన్నాడు. వద్దన్నాను. లేత్‌లని పరీక్షించే కొలతలు 1920ల్లో జర్మనీలో గెయోర్గ్ ష్లెసింగర్ అనే ప్రొఫెసర్ పుస్తకంగా కూర్చాడు. అందులో టైల్‌స్టాక్ సెంటర్‌కి ఒప్పుకున్న తప్పు పైవైపుకే, కిందికి కాదు. వాడేకొద్దీ పీట అరుగుతుంది, సెంటరు దానంతటదే దిగుతుంది. దిగింది మళ్లీ ఎక్కాలంటే కింద రేకు ముక్కలు పెట్టడం తప్ప దారి లేదు, బటాలా మిషన్లకి నేను పెట్టినవి తక్కువేం కాదు. గేజీ సూది సున్నాకి పైన అర థౌ దగ్గర ఉండగా దిమ్మె బిగించేశాం.