బ్రిటనునందలి గ్యాసు విక్రయశాలలు – చిల్లర వర్తకులు

ఇంటింటికి గ్యాసును సరఫరా చేయు ప్రభుత్వసంస్థయే పొయ్యిలను, నీళ్లు కాచు యంత్రములను సైతము అమ్మవచ్చునా, అమ్మినచో అదే వీథిలో అంగడి పెట్టుకొన్న స్వతంత్ర వర్తకునితో దాని పోటీ న్యాయ్యమగునా యను వివాదము బ్రిటనులో చిరకాలము సాగెను.

1812లో రాజశాసనము పొందిన లండను కంపెనీ మొదలుకొని పందొమ్మిదవ శతాబ్దమున గ్యాసు ప్రధానముగా దీపములకే వినియోగపడెను. విద్యుద్దీపము వచ్చిన పిదప కంపెనీలు వంటపొయ్యిలను అద్దెకిచ్చి తమ వాడుకరులను నిలుపుకొనెను. బర్మింగ్‌హాము మేయరగు జోసెఫ్ ఛేంబర్లేను 1875లో అచటి కంపెనీలను నగరపరము గావించెను.

1948వ సంవత్సరపు చట్టముచే గ్యాసు పరిశ్రమ జాతీయమై, 1949 మే 1వ తేదీన 12 ప్రాంతీయ బోర్డుల వశమయ్యెను. బోర్డుల విక్రయశాలలో ఒక ప్రక్క బిల్లు చెల్లించు కిటికీ, వేరొక ప్రక్క తళతళలాడు పొయ్యిల వరుస యుండెడిది. మూడు నెలల బిల్లు కట్టవచ్చిన గృహిణి క్రొత్త పొయ్యిని చూచి, దాని వెలను వాయిదాలుగా చెల్లించుట కొప్పుకొని, ఇంటికి తెచ్చి బిగించు పనిని సైతము బోర్డువారికే అప్పగించి పోవచ్చును. ఇనుపసామాను వర్తకునకు ఇట్టి రాకపోకలు లేవు. అంగడి అద్దె, గుమాస్తా జీతము అమ్మిన సరకు లాభమునుండియే రావలెను. విక్రయశాల వ్యయములో కొంత గ్యాసు ధరలోనే కలిసిపోవుచున్నదనియు, అట్టి అంగడితో వెల తగ్గించి నెగ్గుట అసాధ్యమనియు వర్తకులు మొరపెట్టుకొనిరి. లెక్కలు వేరుగా చూపనంతకాలము ఈ మొరను కాదనుటయు, ఔననుటయు కష్టమే.

1967–77 మధ్య ఉత్తర సముద్రపు సహజవాయువు దేశమంతట ప్రవేశించెను. బొగ్గు గ్యాసుకంటె దాని ఉష్ణశక్తి రమారమి రెండింతలగుటచే ప్రతి పొయ్యి బర్నరును మార్పవలసివచ్చి, పరిశ్రమ పనివారు ప్రతి వంటయింట అడుగిడిరి. ఏ యింట ఏ పొయ్యి పాతబడెనో ఇంతగా తెలిసికొను అవకాశము మరే వర్తకునకును దక్కలేదు. ఇంతలో 1973 జనవరి 1న బోర్డులన్నియు బ్రిటిష్ గ్యాస్ కార్పొరేషనుగా ఏకమయ్యెను.

గుత్తవర్తకమును విచారించు ప్రభుత్వ కమిషను 1980లో ప్రకటించిన నివేదిక ఈ చరిత్రయందు మిక్కిలి నిశితమైన పరిశీలన. కార్పొరేషను చిల్లర అమ్మకములందే గాక, తయారీదారులనుండి కొనుటయందును ఆధిపత్యము వహించుచున్నదనియు, ఇది ప్రజాహితమునకు భంగకరమనియు అది తేల్చెను. తదనుసారముగా 1981 జూలైలో ప్రభుత్వము సుమారు 900 విక్రయశాలలను అమ్మింతునని ప్రకటింపగా, కార్పొరేషను అధ్యక్షుడు డెనిస్ రూక్ ప్రతిఘటించెను; కార్మికసంఘములు సమ్మెకు దిగెను. అనుభవము లేనివారు బిగించిన పొయ్యిలవలన ప్రాణాపాయమను వాదము జనులను ఆకట్టుకొనెను. వర్తకులకు చేరువైన విజయము చేజారెను. ప్రభుత్వము ఆ సంకల్పమును వాయిదా వేసి, క్రమముగా విడనాడెను.

1986లో కార్పొరేషను మొత్తముగా వాటాదారుల పరమయ్యెను. విక్రయశాలలు ఆ తరువాత సన్నగిల్లి, 1999లో మూతపడెను. అప్పటికి కొనుగోలుదారులు ఊరి వెలుపలి పెద్ద గొలుసు దుకాణములకు అలవాటుపడి యుండిరి.