బాపట్ల జిల్లా
ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా పశ్చిమ డెల్టా కొసన, బంగాళాఖాతం అంచున ఉన్న ఈ గ్రామీణ ప్రధాన జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు, ప్రకాశం జిల్లాల మండలాలతో ఏర్పడింది. రేపల్లె ఇందులో చేరగా, రైలు మార్గంతో దానికి ముడిపడిన తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. జనంలో అత్యధికుల మాతృభాష తెలుగు; తొలి ఆంధ్ర మహాసభ 1913లో బాపట్లలోనే జరిగింది గనుక, భాషా ప్రాతిపదికన రాష్ట్రం కోరిన ఉద్యమ చరిత్రలో ఈ పట్టణానికి విశిష్ట స్థానం ఉంది.

ప్రకాశం బ్యారేజీ కాలువల కింద వరి ప్రధాన పంట. తీరపు ఇసుక నేలల్లో మాత్రం రైతులు దొరువులను, అంటే ఊటనీరు నిలిచేలా ఇసుకలో తవ్విన లోతు తక్కువ గుంటలను, నమ్ముకొని వేరుశనగ, కూరగాయలు పండిస్తారు. అక్కడ ఉప్పునీటిపై మంచినీరు పలుచని పొరగా తేలి ఉంటుంది కాబట్టి, లోతునుంచి ఒక్కసారిగా ఎక్కువ నీరు తోడితే ఉప్పునీరు పైకెగసి చేను పాడవుతుంది. తరాల అనుభవంతో అబ్బిన ఈ నీటి పొదుపు జిల్లా వ్యవసాయంలో అన్నిటికంటే విలువైన విద్య.

నిజాంపట్నం చేపల రేవు, చీరాల చేనేత ఇతర జీవనాధారాలు. భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో దొరికిన ధాతు కరండాలపై, అనగా పవిత్ర అవశేషాలను దాచిన రాతి పేటికలపై, ఉన్న బ్రాహ్మీ శాసనాలు దక్షిణ భారత లిపుల చరిత్రకు తొలి ఆధారాలలో చేరతాయి.