ఊడిన తీగ పాడింది

చిల్లకూరు దగ్గర రొయ్యల గుంట గట్టున నిలబడి, ఫోను చెవికి ఆనించుకుని 'దయచేసి వేచి ఉండండి' అన్న మాట పదోసారి వింటున్న రైతును అడగండి, నిమిషం ఎంత పొడుగో చెబుతాడు. ఆ పొడుగు తగ్గించడానికి మనుషులు అరవై ఏళ్లకు పైగా తంటాలు పడుతున్నారు.

పూర్వం అవతలివారు 'ఉండండి' అన్నారంటే, ఆ తర్వాత అంతా నిశ్శబ్దమే. లైను ఉందో, తెగిందో తెలియదు. నాలుగుసార్లు 'హలో హలో' అని అరిచి జనం ఫోను పెట్టేసేవారు. మళ్లీ చేస్తే కథ మొదటికే.

1960ల మొదట్లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లెవీ అనే ఆయన ఫ్యాక్టరీలో ఫోన్లు వింతగా ప్రవర్తించసాగాయి. ఆగమన్నవాళ్ల చెవిలో పాటలు! ఎక్కడివా అని వెతికితే, ఊడిన తీగ ఒకటి భవనం ఇనుప దూలానికి తగులుతోంది. దాంతో కట్టడమంతా పెద్ద రేడియోలా మారి, పక్కనే ఉన్న స్టేషను ప్రసారాన్ని లైన్లోకి లాగేస్తోంది.   తీగ దారి తప్పడమే మేలు చేసింది. ఇంకొకరైతే తీగ సరిచేసి చేతులు దులుపుకునేవారు. లెవీ ఆగి విన్నాడు. 1962లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1966లో అది చేతికొచ్చింది.

నిశ్శబ్దం పోయింది గానీ విసుగు పోలేదు. పాటలు అరిగిపోయాయి. వాటి మధ్య ప్రకటనలు దూర్చారు. 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం' అన్నారు. అంత ముఖ్యమైతే ఎత్తరేం అని జనం పళ్లు నూరారు. చిక్కు ఎక్కడుందో, నిరీక్షణ మీద రాసిన డేవిడ్ మైస్టర్ 1985లో విడమర్చి చెప్పాడు: ఊరికే కూర్చున్న సమయం పొడుగ్గా తోస్తుంది, ఎంతసేపో తెలియని నిరీక్షణ ఇంకా పొడుగ్గా తోస్తుంది.

అమెరికాలోని యూటాలో వర్డ్‌పర్‌ఫెక్ట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఈ రెండు ముళ్లనూ ఒకేసారి తీసింది. క్యాసెట్టుకు బదులు ఒక మనిషినే కూర్చోబెట్టింది. రేడియో వ్యాఖ్యాతలా ఆయన పాటలు వేస్తూ, కబుర్లు చెబుతూ, ఏ వరసలో ఎన్ని నిమిషాలు ఆగాలో చెప్పేవాడు. సౌత్‌వెస్ట్ విమాన సంస్థ ఇంకో అడుగు వేసిందంటారు: చాలాసేపటి నుంచీ ఆగి ఉంటే ఫలానా అంకె నొక్కండి, కాల్ తొందరగా కలవదు గానీ మనసు కుదుటపడుతుంది అని! తమ ఆలస్యం మీద తామే వేసుకున్న జోకు కాబట్టి అది పండింది. ఆగినవాళ్ల మీద వేసి ఉంటే తన్నులు తప్పేవి కావు.

అయితే హాస్యానికి ఆయుష్షు తక్కువ. మొదటిసారి నవ్వు, మూడోసారి నిట్టూర్పు, ఐదోసారి తిట్టు. దీనికి తిరగేసిన కథా మనకు తెలుసు. 2020 మార్చిలో ఎవరికి ఫోను చేసినా ముందు కరోనా హెచ్చరికగా దగ్గు వినిపించేది.  మొదట ఉలిక్కిపడ్డ జనం, వినీవినీ ఆ దగ్గు మీదే జోకులు కట్టుకున్నారు. నవ్వించాలని ఎవరూ అనుకోలేదు, జనమే నవ్వు వెతుక్కున్నారు.

మళ్లీ మన గట్టు మీదికి వద్దాం. రాత్రి రెండయింది, కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగాయి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతోంది. కరెంటు ఆఫీసు లైనులో ఆగి ఉన్న ఆ రైతుకు అప్పుడు జోకు చెబితే ఒళ్లు మండుతుంది. 'ఇంకో ఆరు నిమిషాలు' అన్న నిజమైన లెక్క చెబితే మాత్రం, ఫోను గట్టు మీద పెట్టి, జనరేటరు ఆన్ చేసి వస్తాడు. ఏరియేటర్లు తిరగడం మొదలయ్యాక చెప్పండి ఎంత జోకైనా, నవ్వుతాడు.