గుర్రపుడెక్క విషాన్ని పీలుస్తుంది, సరే. దాన్ని పీకేదెవరు?

రామాపురంలో అడిగినా, తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో అడిగినా గుర్రపుడెక్క అంటే కాలువకు పట్టిన పీడ అనే చెబుతారు. ఫ్యాక్టరీ మురుగును శుద్ధి చేసేవాళ్లకు మాత్రం అది పనికొచ్చే మొక్క. సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి భారలోహాలను నీటిలోంచి లాగి, ఎక్కువగా వేళ్లలోనే దాచుకుంటుంది. జమ్ము, వట్టివేరు, నేలమీద ఆవ మొక్కకూ ఈ గుణం ఉంది. ఈ పద్ధతి పేరు ఫైటోరెమిడియేషన్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఎం.ఎన్.వి. ప్రసాద్ దీనిమీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు.

రసాయనాలతో చేసే శుద్ధి కన్నా దీనికి ఖర్చు తక్కువ, పని నెమ్మది. కంపెనీలు చెప్పని సంగతి ఇంకొకటుంది. లోహం మాయం కాదు. సీసం సీసంగానే ఉండి నీటిలోంచి మొక్కలోకి మారుతుంది, అంతే. మొక్క కుళ్లితే మళ్లీ నీటిలోకే వస్తుంది. అందుకే కుళ్లకముందే పీకి బయటికి తీయాలి. తీసిన దాన్ని మేతగా వేయకూడదు, ఎరువు చేసి పొలానికి తోలకూడదు. కాలిస్తే లోహం బూడిదలో మిగులుతుంది.

నడుంలోతు మురుగులో దిగి పీకేది ఎవరు? కాలువ పూడిక, డ్రైనేజీ పనుల్లో ఇన్నాళ్లూ ఎవరున్నారో వాళ్లే, మన పేటల ఆడవాళ్లూ మగవాళ్లూ. కుప్ప పోసేది ఏ పేట పక్కన? నీళ్ల విషయంలో ఈ ప్రాంతానికి జ్ఞాపకాలున్నాయి. ఇప్పటి బాపట్ల జిల్లాలోని కారంచేడులో 1985 నాటి మారణకాండకు ముందు గొడవ మొదలైంది మాదిగల మంచినీటి చెరువును పాడుచేయొద్దని అడిగినందుకే.

లోహాలు ఊళ్లలోకి చేరితే ఏమవుతుందో పటాన్‌చెరు చూసింది. అక్కడి ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో పడి మంజీరలో కలిసింది. ఆ కాలుష్యంపై కేసు 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. ఆ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం, ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్నాయని ఎన్‌జీఆర్ఐ పరిశోధకులు 2001లో ప్రచురించారు. అంత నేలను మొక్కలతోనే బాగుచేయడం ఏళ్లూ పూళ్లూ పట్టే పని. ఇటు హైదరాబాద్‌లో మూసీ మురుగుతో పెంచే పారా గడ్డి పాడి గేదెల మేతకు పోతోంది. ఆ గడ్డీ మొక్కే కదా, నీటిలో ఉన్నదే పీలుస్తుంది.

లెక్కల్లోనూ తిరకాసుంది. తాగే నీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. ఫ్యాక్టరీ నుంచి వాగులోకి వదిలే నీటికి సాధారణ ప్రమాణం 0.1, అంటే పది రెట్లు. “ప్రమాణాలకు లోబడే వదిలాం” అన్న మాట విన్నప్పుడు మనం ఏ ప్రమాణమని అడగాలి.

మొక్కల చెరువు పెట్టామని ఏ కంపెనీ చెప్పినా సమాచార హక్కు కింద కాలుష్య నియంత్రణ మండలిని అడగాల్సినవి ఇవి: ఏ మొక్క, ఏడాదికి ఎన్నిసార్లు తీస్తున్నారు, నీటితో పాటు మొక్కలోని లోహాన్ని పరీక్షించారా, 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని ఎక్కడికి పంపారు, దిగిన కూలీలకు బూట్లూ గ్లౌజులూ ఇచ్చారా, వాళ్ల రక్తంలో సీసం ఎంతుందో ఎప్పుడైనా చూశారా.